సీటు ఎట్లున్నదని అడిగితే

ఈమధ్య మా పాత డిపార్ట్‌మెంటులో కొత్తగా చేరిన ఇద్దరు అమ్మాయిలు నిజామాబాద్‌లో మా ఇంటికి వచ్చారు. టీ తాగి, "మేడం, మీ సర్వీసు అనుభవాలు రాయండి, మాకు పనికొస్తాయి" అన్నారు. పనికొస్తాయో లేదో తెలియదు గానీ, వాళ్లు స్కూటీ ఎక్కి వెళ్తుంటే నా చూపంతా దాని సీటు మీదే ఉంది. ఎంత వెడల్పుగా, ఎంత పొందికగా ఉందో. వాళ్లిద్దరి మొహాల్లో ఎక్కడా నొప్పి లేదు. నాకు సంతోషం కలిగింది, కొంచెం కుళ్లు కూడా కలిగింది.

ప్రమోషన్ల సంగతి రాయను. అవి ఆలస్యంగానైనా అందరికీ వస్తాయి. బదిలీల సంగతి రాస్తే ఇంకా బతికి ఉన్నవాళ్లు కొందరు బాధపడతారు. నేను రాసేది ఒక సైకిలు సీటు గురించి. 1960ల్లో బోధన్ దిక్కు గ్రామసేవికగా ఉన్నప్పుడు నాకు ఉద్యోగం అంటే ఏమిటో నేర్పింది అదే.

మంచిగనే ఉన్నది

గ్రామసేవిక అంటే ఇప్పటి పిల్లలకు తెలియదు. ఊళ్లలో ఆడవాళ్లను ఒక దగ్గర చేర్చి, పొగ రాని పొయ్యి కట్టించాలి. పెరట్లో కూరగాయలు పెంచమనాలి. పసిపిల్లలకు ఏం తినిపించాలో చెప్పాలి. కుట్లు, అల్లికలు నేర్పాలి. నేను చేరేనాటికి నాకు పెళ్లి కాలేదు, పిల్లలు లేరు, మా అమ్మ నన్ను వంటింట్లోకి రానిచ్చేది కాదు. ఈ అర్హతలతో నలుగురేసి పిల్లల తల్లులకు వంటా, పిల్లల పెంపకమూ నేర్పడానికి బయల్దేరాను.

అన్నిటికంటే ముఖ్యం పొయ్యి. మట్టితో కట్టి, వెనక పొగగొట్టం నిలబెట్టే పొయ్యి. దాని కొలతలు ట్రెయినింగులో కంఠతా పట్టించారు. ఎడపల్లి చుట్టుపక్కల ఊళ్లలో నేను కట్టించని వాడ లేదు. కట్టిన కొన్నాళ్లకు వెళ్లి, "పొయ్యి ఎట్లున్నది సాయవ్వా?" అని అడిగేదాన్ని.

"మంచిగనే ఉన్నది సేవికమ్మా" అనేది సాయవ్వ.

సాయవ్వ చెరుకు చేలల్లో కూలి చేసే మనిషి. మా మహిళా మండలికి పెద్ద దిక్కు. ఆమె ఏమంటే మిగతావాళ్లు అదే అనేవాళ్లు. వాళ్లు చెప్పింది నేను ఆఫీసులో చెప్పేదాన్ని. నేను చెప్పింది మా పంచాయతీ సమితి ఆఫీసరు పైవాళ్లకు చెప్పేవారు. అంతటా పొయ్యిలు మంచిగనే ఉన్నాయి, అందరం సంతోషంగా ఉన్నాం.

అన్నీ ఆలోచించారు, ఒకటి తప్ప

సైకిళ్లు రాకముందు మా ప్రయాణం ఎట్లుండేదంటే, రోడ్డు పక్కన నిలబడి ఫ్యాక్టరీకి చెరుకు దించి వచ్చే ఖాళీ బండ్ల కోసం చూడటం. దొరికితే ఎక్కడం, లేకపోతే నడవడం. బండతను దయగలవాడైతే ఊరి దాకా దింపేవాడు, దయతో పాటు మాటలు కూడా ఎక్కువ ఉన్నవాడైతే నా జీతమెంతో, ఇంకా పెళ్లెందుకు కాలేదో మొత్తం కనుక్కుని గానీ దింపేవాడు కాదు.

అట్లాంటిది ఒకరోజు సమితి ఆఫీసుకు లేడీస్ సైకిళ్లు వచ్చాయి. సేవికలకు తలా ఒకటి. ఆఫీసరు వాటికి బంతిపూల దండలు వేయించి, ఉపన్యాసం ఇచ్చారు. ఆయన మంచివారు. లంచం ముట్టేవారు కాదు, ఆడవాళ్లను కసురుకునేవారు కాదు. ఆయనలో లోపమల్లా ఎప్పుడూ జీపులో తిరగడమే. ప్రపంచమంతా స్ప్రింగుల మీద నడుస్తుందని ఆయన నమ్మకం.

నిజం చెప్పాలంటే ఆ సైకిలును చూసి నాకు కళ్లనీళ్లు తిరిగాయి. చీర పడకుండా వెనక చక్రానికి వల ఉంది. కుచ్చిళ్లకు నూనె అంటకుండా చెయినుకు డబ్బా ఉంది. ఎక్కడానికి వీలుగా ముందు కడ్డీని కిందికి వంచారు. పాపం, ఎవరో ఆడవాళ్ల గురించి కూర్చుని ఆలోచించారు. కూర్చునేదాని గురించి మాత్రం ఆలోచించలేదు. మగవాళ్ల సైకిళ్లకుండే ఇరుకు తోలు సీటే దీనికీ బిగించారు. ముందు పొడుగాటి ముక్కు, అది కూడా కొంచెం పైకి లేచి ఉండేది.

చెరుకు సీజనులో మా రోడ్లు చూసినవాళ్లకు మిగతాది చెప్పనక్కరలేదు. బండి చక్రాల గాడులు ఎండకు రాయిలా గట్టిపడేవి. వాటి మీద ఆ సీటెక్కి నవీపేట్ రోడ్డు వెంట పోయానంటే, ఊరు చేరేసరికి కుర్చీ చూసినా, చాప చూసినా భయం వేసేది. నిలబడే పాఠం చెప్పేదాన్ని. "గీ సేవికమ్మకు ఎంత మర్యాదనో, చాప ఏసినా కూసోది" అని ఊళ్లో ఆడవాళ్లు మెచ్చుకునేవాళ్లు.

గౌస్ భాయ్ మర్యాద

బోధన్ బజారులో గౌస్ భాయ్‌ది సైకిలు దుకాణం. పనిమంతుడు, మాట మెత్తన. మా సేవికలందరి పంక్చర్లూ ఆయనే వేసేవాడు. నేను వెళ్లి సైకిలు ఆపి, "భాయ్, సీటు జర..." అన్నాను. ఆ తర్వాత ఏమనాలో తెలియలేదు. ఎక్కడ నొప్పో ఒక మగమనిషికి చెప్పే మాట నాకు మా ఇంట్లో గానీ, ట్రెయినింగులో గానీ ఎవరూ నేర్పలేదు.

"జర గట్టిగున్నదా అక్కా?" అన్నాడు గౌస్ భాయ్.

"అవును" అన్నాను. అంతకంటే దగ్గరి మాట దొరకలేదు.

ఆయన స్పాంజి పెట్టి, మీద రెగ్జిన్ కవరు తొడిగాడు. "ఎక్కి చూడండ్రి" అని, వెంటనే వెనక్కి తిరిగి గోడకున్న క్యాలెండరు చూస్తూ నిలబడ్డాడు. పరాయి ఆడది సైకిలెక్కి కూర్చుంటుంటే చూడటం ఆయన దృష్టిలో తప్పు. క్యాలెండరు వైపే చూస్తూ, "ఎట్లున్నది అక్కా?" అని అడిగాడు.

"మంచిగనే ఉన్నది" అన్నాను, పళ్లు బిగబట్టి.

వారం తిరగక ముందే మళ్లీ వెళ్లాను. ఈసారి దూది పెట్టాడు. క్యాలెండరు చూశాడు. మంచిగనే ఉన్నదన్నాను. ఆ తర్వాత ఎర్ర మఖ్మల్ కవరు తొడిగి, చుట్టూ పసుపు కుచ్చులు కుట్టించాడు. దాంతో సీటు దిండులాగా ఎత్తయి, నా కాళ్లు నేలకు అందడం మానేశాయి. కాలువ గట్టు మీద ఎదురుగా బర్రె వస్తే ఆగలేక చెరుకు తోటలోకి పోయి పడ్డాను. అంత ఎత్తున ఎగిరి పడినా, పడిన నొప్పి కూర్చున్న నొప్పి కంటే తక్కువే.

పక్క కేంద్రంలో పనిచేసే విమలది ఇంకో పద్ధతి. ఆమె సైకిలు ఎక్కేదే కాదు. ఊరి నుంచి ఊరికి నెట్టుకుంటూ నడిచి, ఇళ్లు కనబడగానే ఎక్కి, గంట కొట్టుకుంటూ లోపలికి పోయేది. పది ఇళ్లు దాటాక దిగేది. ఆమె సైకిలు తొక్కే తీరు చూసి ఊళ్లవాళ్లు ముచ్చటపడేవాళ్లట.

టైర్లు అరగలేదు

నెలనెలా జరిగే మీటింగులో ఆఫీసరు ఒకసారి సైకిళ్లన్నీ వరసగా పెట్టించి, వంగి టైర్లు తడిమి చూశారు. అరగలేదు. కొన్నిటికి కొత్త రబ్బరు వెంట్రుకలు కూడా అట్లాగే ఉన్నాయి.

"ఏమిటమ్మా మీ ఇబ్బంది?" అని అడిగారు.

"ఏమీ లేదు సార్" అన్నాం అందరం.

గ్రామసేవకుల్లో ఒకాయన లేచి, "సిగ్గు సార్, ఆడవాళ్లు గదా" అన్నాడు. మగ సేవకులకు సైకిళ్లు ఇవ్వలేదు. అందుకని ఆ లేడీస్ సైకిళ్ల మీద వాళ్లకు చాలా రోజులుగా కన్నుంది. ఆఫీసరు నా సీటు ముందు ఆగి, పసుపు కుచ్చులను వేలితో కదిపి చూశారు. "ఇంత మెత్తటి సీటు నా కుర్చీకి కూడా లేదు. ఇంకేం కావాలి మీకు?" అన్నారు. నేను తల వంచుకున్నాను.

చివరికి ఆయన తేల్చి చెప్పారు. వచ్చే మీటింగుకు ఎవరి కేంద్రం నుంచి వాళ్లు సైకిలు తొక్కుకుంటూ రావాలి. రాలేనివాళ్లు తాళంచెవి అక్కడే ఇచ్చేయాలి, ఆ సైకిలు మగ సేవకులకు పోతుంది.

ఇంటికి వచ్చి చాలా ఏడ్చాను. ఎంత గుచ్చినా ఆ సైకిలు నాది. నాకు బుద్ధి పుట్టినప్పుడు బయల్దేరి, పని అయినప్పుడు తిరిగి వచ్చేదాన్ని. నా పెళ్లి గురించి ఏ బండతనికీ జవాబు చెప్పనక్కరలేదు. కాలువ పక్కన ఒక్కదాన్నే పోతుంటే, నొప్పి లేని నాలుగు నిమిషాలూ నేను పాటలు పాడుకునేదాన్ని. దాన్ని వదులుకోవడం నా వల్ల కాదు.

బడీమా చూసింది

మర్నాడు గౌస్ భాయ్ దగ్గరికి పోయాను. దారి పొడుగునా చెప్పాల్సిన మాటలు వల్లించుకున్నాను. దుకాణం ముందుకు రాగానే అన్నీ మర్చిపోయాను.

"సీటు జర..." అన్నాను.

ఆయన క్యాలెండరు వైపు తిరిగి, "ఇంకో కవరు ఏద్దామా అక్కా?" అన్నాడు.

ఆ మాటకు నాకు దుఃఖం ఆగలేదు. నడి బజారులో సైకిలు పట్టుకుని ఏడ్చాను. గౌస్ భాయ్ గాభరాపడ్డాడు, కానీ వెనక్కి తిరగలేదు. దుకాణం వెనకే వాళ్ల ఇల్లు. పరదా సందులోంచి చూస్తున్న వాళ్లమ్మ గొంతు వినిపించింది. ఆమెను బజారంతా బడీమా అనేది. ఆమెకు చెవుడు. తనకు వినిపించదు గనక ఎవరికీ వినిపించదనుకుని గట్టిగా మాట్లాడేది.

"ఏందిరా గౌస్, గా పిల్ల ఎందుకు ఏడుస్తున్నది? లోపలికి తోలియ్యి."

లోపలికి పోయాను. చెవిలో చెప్పాను. వినిపించలేదు. ఇంకొంచెం గట్టిగా చెప్పాను. మూడోసారికి ఆమెకు వినిపించింది, పరదా అవతల ఉన్నవాళ్లకు కూడా వినిపించి ఉంటుంది.

"అరే, గీ ముచ్చటకా" అంది బడీమా. "సైకిల్ లోపలికి తెప్పియ్యి. ఎక్కు, చూస్తా."

వాకిట్లో గోడ పట్టుకుని సీటెక్కి కూర్చున్నాను. ఆమె కర్ర పట్టుకుని నా చుట్టూ తిరిగింది. వంగి చూసింది, వెనక నుంచి చూసింది. అన్నాళ్లలో నేను ఆ సీటు మీద ఎట్లా కూర్చుంటున్నానో చూసిన మనిషి ఆమె ఒక్కతే. సైకిలు చేసినవాళ్లు చూడలేదు, ఇచ్చినవాళ్లు చూడలేదు, బాగు చేసే ఆయన గోడను చూశాడు. చూసింది ఆమె, అంతవరకు బాగానే ఉంది. తర్వాత ఆమె చూసింది చూసినట్టు కొడుకుకు చెప్పడం మొదలుపెట్టింది.

"గౌస్, సీటు ఇరుకున్నది. పిల్ల కూసునే ఎముకలు సీటు బయటికి పోయినయ్."

"ఏం బయటికి పోయినయ్ అమ్మీ?"

"ఎముకలు! గా ముక్కు లేచి నడుమల గుచ్చుతున్నది. నువ్వు దూది పెట్టినకొద్దీ పిల్ల అండ్ల దిగబడుతున్నది, ముక్కు ఇంకింత గుచ్చుతున్నది."

పక్కనున్న హోటల్లో టీ గ్లాసుల చప్పుడు ఆగిపోయింది. నాకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది. అప్పుడు హోటల్లోంచి ఎవరో పెద్దాయన గొంతు, "ముక్కు జర కిందికి దించు భాయ్" అంది. ఇంకొకరు ముక్కు కోసెయ్యమన్నారు. టాంగా తోలే ఆయన, ఆడవాళ్ల సీటు జీను లెక్క వెడల్పుండాలని చెప్పాడు. ఎవరూ నవ్వలేదు. ఏదో ఇంటికి వాసం పెట్టే తీరుగా నా సీటు గురించి చర్చ నడిచింది. నేను గోడ పట్టుకుని సైకిలు మీదే ఉన్నాను. దిగిపోదామంటే బడీమా కర్ర అడ్డం పెట్టింది.

ఆమెకు అన్నీ తెలుసని అనుకోకండి. మొదట ఆమె ఇచ్చిన సలహా, రొట్టెలు చేసేటప్పుడు కూర్చునే పీట తెచ్చి సీటుకు కట్టమని. కట్టాడు గౌస్ భాయ్. నేను వాకిట్లో ఒక చుట్టు తిరిగి, పీటతో సహా కోళ్లగూడు మీద పడ్డాను. కోళ్ల అరుపులు మాత్రం ఆమెకు బాగా వినిపించాయి.

చివరికి గౌస్ భాయ్ పాత సామాన్ల కుప్పలోంచి ఏదో పెద్ద సైకిలు తాలూకు వెడల్పాటి సీటు బయటికి తీశాడు. చెప్పులు కుట్టే ఆయనతో దాని ముక్కు పొట్టిగా కోయించి, తోలు మడిచి కుట్టించాడు. దూది, స్పాంజి, మఖ్మలు అన్నీ పీకేశాడు. సీటు కిందికి దించి, ముందు భాగం కాస్త వంచి పానాతో బిగించాడు. మీద చెయ్యి పెడితే అది గట్టిగానే ఉంది. నాకు నమ్మకం కలగలేదు.

ఎక్కి బజారు చివరిదాకా పోయి వచ్చాను. గౌస్ భాయ్ క్యాలెండరు చూస్తూ, "ఎట్లున్నది అక్కా?" అన్నాడు.

"మంచి..." అని నోరు తెరిచాను.

"నిజం చెప్పు" అని నా మొహం చూసి పరదా వెనక నుంచి కేకేసింది బడీమా. "అబద్ధం చెప్తే నీకే గుచ్చుతది."

నేను ఊపిరి పీల్చుకుని, "ఎడమ దిక్కు ఇంకా గుచ్చుతున్నది భాయ్" అన్నాను. నా జన్మలో ఒక మగమనిషికి బాగా లేదని చెప్పడం అదే మొదలు. ఏమీ కాలేదు. గౌస్ భాయ్ నేను దిగేదాకా ఆగి, పానా తీసుకుని ఎడమ వైపు స్ప్రింగు కింద చిన్న తోలు ముక్క పెట్టాడు. మళ్లీ ఎక్కాను. ఈసారి మంచిగున్నదని నేనంటే బడీమా ఏమీ అనలేదు.

రెండో రోజు విమల వచ్చింది. తర్వాత మిగతా సేవికలు వచ్చారు. బడీమా చెవిలో గుసగుసలాడే శ్రమ ఎవరికీ లేకుండా పోయింది, సంగతి అప్పటికే బజారంతటికీ తెలుసు.

సాయవ్వ పొయ్యి

కొత్త సీటు మీద సాయవ్వ వాళ్ల ఊరికి పోయాను. పోగానే చాప మీద కూర్చున్నాను. ఆడవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

అలవాటు ప్రకారం, "పొయ్యి ఎట్లున్నది సాయవ్వా?" అన్నాను.

సాయవ్వ నేను కూర్చున్న చాప వైపు చూసింది. "నీ సీటు గుచ్చుతున్నదని బోధన్ బజార్ల సెప్పినవట గదా?"

"చెప్పిన."

"అయితే రా, సూపెడుతా."

లోపలికి తీసుకుపోయింది. నేను కట్టిన పొయ్యి అలికి, ముగ్గు పెట్టి చక్కగా ఉంది. అందులో కోడి పొదుగుతోంది. వంట పక్కనే మూడు రాళ్ల మీద జరుగుతోంది.

"మా జొన్నరొట్టె పెంక గింత పెద్దది" అంది సాయవ్వ చేతులు చాపి. "నీ పొయ్యి నోరు గింతే. పెంక నిలవది, రొట్టె కాలది. నువ్వు ఎండల పడి వచ్చి కడ్తివి, నీ మనసు నొప్పించుడెందుకని మంచిగున్నదన్నం. అందరిండ్లల్ల గట్లనే ఉన్నది."

"అందరిళ్లల్లోనా?"

"ఎల్లవ్వ ఇంట్ల ఉల్లిగడ్డలు పెట్టింది. పొగగొట్టంల పిచ్చుకలు గూడు కట్టినయ్."

నాకు నవ్వొచ్చింది, ఆ వెంటనే సిగ్గేసింది. అంతకాలం ఆ ఊళ్లో ఒక్కరోజు కూడా ఎవరైనా రొట్టె చేస్తుంటే పక్కన కూర్చుని నేను చూడలేదు. గౌస్ భాయ్ లాగే నా క్యాలెండరు నాకూ ఉంది.

మీటింగు రోజు

మీటింగుకు సేవికలం అందరం తొక్కుకుంటూ వచ్చాం. విమల చెమటతో ఎర్రబడి, అందరికంటే ముందు వచ్చింది. మగ సేవకులు గేటు దగ్గర నిలబడి మా సీట్ల వైపు విచారంగా చూశారు. ఆఫీసరు నా సైకిలు దగ్గరికి వచ్చారు.

"కుచ్చులేవమ్మా?"

"తీసేశాం సార్. పాత సీటు మాకు గుచ్చుతుండె. అందుకే తొక్కలేదు. వెడల్పు సీటు పెట్టించుకున్నాం."

అందరి ముందరే చెప్పాను. ఆఫీసరు చెవులు ఎర్రబడ్డాయి. "మరి నేను అడిగినప్పుడు ఎందుకు చెప్పలేదు?" అన్నారు.

"ఏమీ లేదంటే మీరు నమ్మారు సార్" అంది విమల.

ఆయన వరసగా మా సీట్లన్నీ చూసుకుంటూ పోయారు. తర్వాత, సైకిళ్లు సేవికల దగ్గరే ఉంటాయని అన్నారు. నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. అంతటితో ఆగితే సరిపోయేది. ఆయన లోపలికి పోతూ పోతూ, అలవాటుగా, "పొయ్యిలు ఎట్లున్నాయమ్మా?" అని అడిగారు.

మా సమితిలో ఎక్కువ పొయ్యిలు నావే. వాటి పేరు చెప్పి ఆయన పైవాళ్ల దగ్గర మెప్పు పొంది ఉన్నారు. మంచిగనే ఉన్నాయి సార్ అనే మాట నా నాలుక చివర సిద్ధంగా ఉంది. చేతిలో ఇంకా సైకిలు తాళంచెవి ఉంది. ఆయన అడిగితే మళ్లీ ఇచ్చేయాలి.

"కోళ్లు పొదుగుతున్నాయి సార్" అన్నాను.

ఆఫీసరు నిలబడిపోయారు. నేను పెంక సంగతి, ఉల్లిగడ్డల సంగతి, పిచ్చుకల సంగతి చెప్పాను. ఆయన మొహం చూస్తే నాకు భయం వేసింది. ఆయన, "నేను వచ్చి చూడొచ్చా?" అన్నారు. తాళంచెవి అడగలేదు.

మర్నాడు జీపు సాయవ్వ ఇంటి ముందు ఆగింది. వెనక నా సైకిలు. సాయవ్వ మూడు రాళ్ల పొయ్యి మీద పెంక పెట్టి రొట్టె కాలుస్తోంది. ఆఫీసరు గుమ్మం బయట నిలబడి, గొంతు సవరించుకుని, "పొయ్యి ఎట్లుండాలమ్మా?" అని అడిగారు.

సాయవ్వ కొంగు సర్దుకుని నా వైపు చూసింది. ఆమె నోట్లో ఏ మాట తిరుగుతోందో నాకు తెలుసు.

"నిజం చెప్పు" అన్నాను.

ఆమె మొదలుపెట్టింది. పొయ్యితో మొదలుపెట్టి, కూరగాయల విత్తనాల మీదికి, మేము పంచే పాలపొడి మీదికి, మేము వచ్చే వేళల మీదికి పోయింది. వాడలో ఉన్న ఆడవాళ్లంతా వచ్చి చేరారు. ఆఫీసరు ఎండలో నిలబడి విన్నారు, ఆయనకు కుర్చీ వేయాలని ఎవరికీ గుర్తు రాలేదు. నేను మాత్రం గోడకు ఒక చెయ్యి ఆనించి, నా సైకిలు సీటు మీద కూర్చుని, పొద్దు గూకేదాకా విన్నాను.